ముట్టుకోవద్దు అత్తమ్మా

అరసవల్లిలో గుడికి పోయే దారిలో గిరిబాబుకి ఫ్యాన్సీ షాపుంది. గాజులు, బొట్టుబిళ్లలు, పిల్లల బొమ్మలు అమ్ముతాడు. షాపు వెనకే ఇల్లు. అయితే ఆ వీధివాళ్లు అతన్ని తలుచుకునేది గాజుల కోసం కాదు. ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా, మోటారు మూలిగి ఊరుకున్నా "గిరిని పిలవండి" అనేవారు. అతను భార్య ఈశ్వరిని కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, జేబులో టెస్టరు వేసుకుని బయల్దేరేవాడు. డబ్బులు తీసుకునేవాడు కాదు. టీ ఇస్తే తాగేవాడు, మెచ్చుకుంటే ఇంకాసేపు కూర్చునేవాడు.

ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. పాత ఫ్యాన్లు విప్పి చూసి కొంత, ఫోనులో వీడియోలు చూసి కొంత పట్టుబడింది. ఈశ్వరి గోలంతా ఒక్కటే. అతను ఎప్పుడూ మెయిన్ ఆపడు.

"మెయిన్ ఆపండీ, మీకు పుణ్యముంటాది."

"ఒక్క స్విచ్చి మార్చడానికి ఇల్లంతా ఆపీమంటావేటి? అమ్మ టీవీ సూసుకుంతన్నాది. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి, సాలు."

ఎప్పుడైనా వైరు జిల్లుమనిపిస్తే చెయ్యి విదిలించుకుని నవ్వేవాడు. "కరెంటు మనకి సుట్టం ఈశ్వరీ. పలకరిస్తాదంతే."

ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ ఎల్లాజీ, ఎవరికైనా షాక్ తగిలితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఒకటి మెయిన్ పక్కన బిగించి వెళ్లాడు. వానలు మొదలైతే చాలు, అది మాటిమాటికీ పడిపోయేది. గిరిబాబు విసిగిపోయి దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేశాడు. ఆ తర్వాత ఇంట్లో కరెంటు ఆగలేదు. అతని తల్లి నారాయణమ్మ మురిసిపోయింది. "నా కొడుకు సెయ్యి పడితే ఏదైనా దారికొస్తాది" అని పక్కింటి రాణితో చెప్పుకుంది.

అది శ్రావణమాసం, సోమవారం పొద్దున్న. ముందురోజు ఆదివారం కావడంతో గుడికొచ్చిన జనంతో షాపు కిటకిటలాడింది. ఆ అలసటతో ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తలేదు. ఈశ్వరి వంటింటి నేల కడిగి, మినప్పప్పు గ్రైండరులో వేయబోతే ప్లగ్గు వదులై నిప్పురవ్వలు రాలాయి. గిరిబాబు అప్పుడే స్నానం చేసి తువ్వాలుతో వచ్చాడు.

"ఉండు, రెండు మరలు బిగిస్తే సరిపోతాది."

"టెస్టరు షాపులో ఉన్నాది. చెప్పులైనా ఏసుకోండి."

"స్విచ్చి ఆపాను గదే, ఇంకేటి?"

స్విచ్చి ఆపిన మాట నిజమే. కానీ ఆ బోర్డు నిరుడు అతనే పెట్టాడు. అప్పుడు వైర్లు ఒకదాని బదులు ఇంకొకటి కలిపాడు. దాంతో స్విచ్చి ఆపినా, కరెంటు మాత్రం ప్లగ్గులోనే కాచుకుని ఉంది. ఈ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను తడికాళ్లతో నిలబడి, ఎడమచేత్తో సింకు కుళాయి పట్టుకుని, కుడిచేత్తో వైరు లాగాడు.

అతను అరవలేదు. గొంతులోంచి పిల్లి గుర్రుమన్నట్టు చిన్న చప్పుడు వచ్చిందంతే. ఈశ్వరి తిరిగి చూసేసరికి మనిషి కొయ్యబారిపోయి ఉన్నాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. వేళ్లు వైరు చుట్టూ బిగుసుకుపోయాయి. కళ్లు మాత్రం తెరుచుకుని ఆమెనే చూస్తున్నాయి.

గుమ్మం దగ్గర ఆనపకాయ తరుగుతున్న నారాయణమ్మ కత్తిపీట వదిలి లేచింది. "ఓలమ్మో, నా కొడుకో!" అంటూ రెండు చేతులూ చాచి అతని మీదికి వెళ్లబోయింది.

ఈశ్వరి ఆ ముసలావిడను రెండు చేతులతో బలంగా తోసేసింది. ఆమె తలుపు చెక్కకు కొట్టుకుని, ఒంటి కింద చెయ్యి మడతపడగా నేలమీద కూలింది.

"ముట్టుకోవద్దు అత్తమ్మా! ముట్టుకోవద్దు!"

అరుస్తూనే ఈశ్వరి భర్తకు వీపు తిప్పి పరిగెత్తింది. హాలు దాటి, వసారా దాటి, షాపులోకి. మెయిన్ ఉన్న గోడకు ఆనించి బొమ్మల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటిని చేతికందినట్టు లాగి పారేసింది. ప్లాస్టిక్ కార్లు, బంతులు వీధిలోకి దొర్లాయి. పక్కింటి గుమ్మంలో పాలు పోయించుకుంటున్న రాణి నోరు తెరిచి చూసింది. ఈశ్వరి మెయిన్ కిందికి లాగింది. ఇంట్లో టీవీ ఆగింది. వంటింట్లో ఏదో బరువుగా పడిన చప్పుడైంది.

వెనక్కి వెళ్లేసరికి గిరిబాబు నేలమీద ఉన్నాడు. నారాయణమ్మ పాకుతూ వెళ్లి అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. ఈశ్వరి చెవి ముక్కు దగ్గర పెట్టింది. చాలాసేపటికి, అంటే ఆమెకి చాలాసేపు అనిపించిన తర్వాత, గురకలాంటి శ్వాస ఒకటి వచ్చింది. వీధిచివర ఆటో నడిపే గోపి పరిగెత్తుకొచ్చి అతన్ని భుజాన వేసుకున్నాడు.

ఆసుపత్రిలో గుండెకు వైర్లు తగిలించి మంచం మీద పడుకోబెట్టారు. కుడి అరచేయి కాలి నల్లబడింది. "కాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేది. కరెంటు ఆపిందెవరు?" అని డాక్టరు అడిగాడు. చేతికి కట్టుతో కూర్చున్న నారాయణమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఈశ్వరి వరండాలో బల్ల మీద కూర్చుంది. కళ్ల ముందున్నది భర్త కాదు, బొబ్బిలి అవతల తమ పల్లె, అక్కడి పెరడు. ఆమె పరికిణీలు కట్టే రోజులవి. చిన్నాన్న అప్పలసూరి పశువులశాలకు దీపం కోసం తనే వైరు లాగాడు. అది ఎక్కడో ఒరుసుకుని బట్టలారేసే ఇనపతీగను తాకింది. తడి తువ్వాలు ఆరేయబోయిన చిన్నాన్న తీగకు అంటుకుపోయాడు. పిన్ని తవిటమ్మ లాగడానికి వెళ్లి ఆయన్ని పట్టుకుంది. ఇంకంతే. నాయనమ్మ కూడా వెళ్లేదే, ఎవరో జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చారు. ఆ సాయంత్రం ఆ ఇంటి నుంచి రెండు పాడెలు లేచాయి. ఆ కబురు పైకి వస్తే ఇంటికి ఏదో కీడుందంటారని, ఈశ్వరి పెళ్లిచూపుల్లో ఇంటి పెద్దలు, చిన్నాన్నా పిన్నీ జ్వరాలతో పోయారని చెప్పారు. ఈశ్వరి కూడా ఎన్నడూ నోరు విప్పలేదు.

గిరిబాబు ఇంటికొచ్చాడు గానీ కుడిచేతి చూపుడువేలు వంగడం మానేసింది. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ నారాయణమ్మ ఒకే మాట చెప్పేది. "నా కొడుకు కొట్టుకుంతంటే ఇది నన్ను తోసీసి పారిపోనాది. దగ్గరికైనా రానేదు."

"అవునమ్మా, షాపులోకి పరిగెట్టడం నేనూ సూసాను" అనేది రాణి.

కౌంటరు దగ్గర గాజులు సర్దుతూ ఈశ్వరి వినేది. ఏమని చెప్తుంది? పారిపోయిన మాట నిజమే కదా. అతని కళ్లు తనని చూస్తుండగానే వీపు తిప్పింది. అత్తగారు ఆమె చేతి అన్నం మానేసి, ఒంటిచేత్తో విడిగా వండుకోవడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ఆమె అన్నం కలిపి నోటికి అందిస్తుంటే గిరిబాబు తల వంచుకున్నాడు.

"నాకప్పుడు అన్నీ కనబడతన్నాయి. గొంతే రాలేదు. నువ్వు అమ్మని తోసీసి అటు పరిగెడతంటే... వదిలీసి పోతన్నావనుకున్నాను."

ముద్ద ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"టీవీ ఆగిపోయాక గానీ తెలీలేదు" అన్నాడు. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి కట్టున్న చెయ్యి లేపి, నొప్పికి దించేశాడు. ఈశ్వరికి జాలి వేయలేదు. కోపం వచ్చింది.

"ఆ మాట మీ అమ్మకి సెప్పండి."

అతను చెప్పాడు. నారాయణమ్మ "పెళ్లాన్ని ఎనకేసుకొస్తన్నావు" అని లేచిపోయింది.

ఎల్లాజీని పిలిపించారు. అతను బోర్డు విప్పి, తారుమారైన వైర్లు చూపించి, మళ్లీ సరిగ్గా కలిపాడు. మెయిన్ పక్కన గిరిబాబు తప్పించిన స్విచ్చి వానాకాలంలో ఎందుకు పడిపోయేదో కూడా వెతికాడు. పెరట్లో మోటారు వైరు పగిలి నీరు దిగుతోంది. దాన్ని మార్చి, స్విచ్చి మళ్లీ బిగించాడు.

గిరిబాబు పక్కనే నిలబడి అంతా చూశాడు. ఎల్లాజీ సంచీ సర్దుకుంటుంటే, "నాతో రా" అన్నాడు. తను చెయ్యి పెట్టిన ఇళ్లకల్లా అతన్ని తీసుకెళ్లాడు. ఒక్కో గుమ్మంలో నిలబడి, "నేను తప్పుగా పెట్టుంతాను, ఇతన్ని సూడనివ్వండి" అని చెప్పాడు. కొందరు జాలిపడ్డారు. కొందరు మొహం మీదే తిట్టారు. రాణి ఇంట్లో ఫ్రిజ్ వైరు విప్పి చూసిన ఎల్లాజీ నాలుక కరుచుకున్నాడు.

"ముట్టుకుంటే జిల్లుమంటాది గానీ అలవాటైపోనాది" అంది రాణి. చెప్పాక తన మాట తనకే వినబడినట్టు, చంకలో పిల్లను రెండో చంకకు, ఫ్రిజ్‌కి దూరంగా మార్చుకుంది. ఆ రోజు నుంచి ఈశ్వరి పారిపోయిందని ఆమె ఎవరితోనూ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం నారాయణమ్మ కోడలి పక్కన వచ్చి కూర్చుంది. కట్టు విప్పిన మణికట్టు ఇంకా ఉబ్బి ఉంది.

"ఏటే, కరెంటు పట్టినోల్ని ముట్టుకుంటే మనల్నీ పట్టీసుకుంతాదని ఎల్లాజీ సెప్పాడట, ఆ రాణి అంతన్నాది. నేను ముట్టుకునుంటే ఏటయ్యీది?"

ఈశ్వరి పుట్టింటి పెరడు గురించి చెప్పింది. తీగ, తువ్వాలు, పిన్ని, నాయనమ్మ జుట్టు, ఏదీ దాచలేదు.

"జొరాలతో పోనారన్నారు గదే!"

"అలా సెప్పమన్నారత్తమ్మా."

"మరి నాకు అప్పుడే సెప్పొచ్చు గదా."

"అప్పుడు సెప్తా కూకుంటే ఆయన పోయీవోరు."

నారాయణమ్మ మణికట్టు రుద్దుకుంది. షాపులోకి ఎవరో వచ్చి బొట్టుబిళ్లలు అడిగారు. ఈశ్వరి ఇచ్చి వచ్చింది. అత్తగారు అక్కడే ఉంది.

"నిజం సెప్తన్నానే. నువ్వింత సెప్పినా, రేపు మళ్లీ అలాగే అయితే నేను ఆగలేను. పట్టీసుకుంటాను. కన్నదాన్ని, ఎలా ఆగుతాను?"

ఈశ్వరి తలెత్తి చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, క్షమాపణా లేదు. ఈశ్వరి ఆ ఉబ్బిన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"అందుకే సెప్తన్నాను" అంది నారాయణమ్మ. "నువ్వే నన్ను తోసీ. సెయ్యి ఇరిగిపోయినా పరవాలేదు, గట్టిగా తోసీ."