బోరుకాడి లైటు

రిపేరుకొచ్చిన ఫోన్లలోకి తొంగిచూసే రకం కాదు మారుతి. ఆదోని బస్టాండు ఎదుటి సందులో ఎనిమిదేళ్లుగా సెల్‌ఫోన్ల అంగడి నడుపుతున్నాడు. ఎంతమంది గుట్లు ఆ బల్ల మీదికి వచ్చి పోయాయో లెక్క లేదు, ఒక్కటి కూడా అతని నోటివెంట బయటికి రాలేదు. ఆడపిల్లలు సైతం లాక్ నంబరు చెప్పి నిశ్చింతగా ఫోను వదిలిపోతారు. డిస్‌ప్లే మార్చినప్పుడు మాత్రం గ్యాలరీలో పైనున్న వీడియో ఒకటి నొక్కి, రంగులు సరిగ్గా పడుతున్నాయా, స్పీకరు పలుకుతోందా అని రెండు క్షణాలు చూసి ఆపేస్తాడు. అది పనిలో భాగం, దాన్ని చూడటమని ఎవరూ అనరు.

ఆ మంగళవారం పొద్దున వెంకటేశులనే ఆలూరు ఆటోడ్రైవరు పగిలిన ఫోను తెచ్చి ఇచ్చాడు. మారుతి కొత్త డిస్‌ప్లే అతికించి, అలవాటు ప్రకారం పైనున్న వీడియో నొక్కాడు.

తెర మీద ఒక బోరు కనిపించింది. పక్కన పంపుగది, దాని గోడ మీద నీళ్లు వృథా చేయొద్దని సగం చెరిగిన రాత. ఆ రాత మారుతి ఊరిది. ఇంకా తెల్లవారలేదు. ఉన్నట్టుండి తెల్లటి వెలుతురు పడింది, అందులోకి చెంబులు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. ఒకామె చూపు ఆనని ముసలామె చెయ్యి పట్టుకుని, అడుగడుక్కీ ఆగి, రాయి ఎక్కడుందో చెబుతూ నడిపిస్తోంది. ముసలామె బసమ్మ, మారుతి తల్లి. నడిపించేది భారతి, మారుతి పెళ్లాం. ఇద్దరూ పంపుగది వెనక్కి తిరిగారు. మారుతి వేలు ఎట్లా కదిలిందో ఏమో, వీడియో ఆగింది. ఆగేలోపలే దాని మీద ఎవడో తగిలించిన పకపక నవ్వే బొమ్మలు కంట్లో పడ్డాయి.

నడిబజార్లో తల కొట్టేసినట్టయింది అతనికి.  ఇది యాడిదని అడగడానికి రెండుసార్లు నోరు తెరవాల్సి వచ్చింది.

బల్ల ముందే కాచుకుని ఉన్న వెంకటేశులు తొంగిచూసి, తేలిగ్గా చెప్పాడు. "ఆటోవాళ్ల గ్రూపులో వచ్చిందన్నా. ఏదో ఊర్లో బోరుకాడి కెమెరా అంట. దినామూ వస్తాండాయి ఇట్లాటివి."

దినామూ. ఆ ఒక్క మాట మారుతి చెవిలో కాచిన నూనె పోసినట్టు పోయింది. వెంకటేశులు చూస్తుండగానే మారుతి ఆ వీడియో చెరిపేశాడు. ఎందుకని వాడు అడిగితే చెప్పలేదు, కూలి కూడా తీసుకోలేదు. ఎవరో తెలియని ఆడవాళ్లని వెంకటేశులు చూశాడు, వాణ్ణి తిట్టడానికి మారుతికి నోరేది? ఆ కెమెరా పెట్టింది తానే కదా.

కెమెరా సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే ఒళ్లు మండుతుంది, అయినా చెప్పాలి. ఎమ్మిగనూరు రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వీళ్ల ఊరు. ఊరంతటికీ ఒకటే బోరు. దాని మోటారు నడిపే స్టార్టరు డబ్బాను ఎవడో రెండుసార్లు ఊడబెరుక్కుని పోయాడు. రెండోసారి తొమ్మిది దినాలు చుక్కనీళ్లు లేవు. నీళ్ల వ్యవహారం చూసే పెద్దమనిషి ఉచ్చీరప్ప ఇంటి అరుగు మీద మగవాళ్లంతా చేరారు. కెమెరా పెట్టాలని అందరూ అన్నారు. దాన్ని చూసే అధికారం ఎవరికివ్వాలన్న దగ్గర తగువు వచ్చింది. ఒక్కడి చేతిలో పెడితే వాడే దొంగయితే ఎట్లా అని ఒకడు, పంచాయతీ వాళ్ల చేతిలో అయితే అసలు నమ్మనని ఇంకొకడు. సర్కారు మన వేలిముద్రలన్నీ పట్టుకుపోయిందని వాపోయిన మనిషి కూడా, ఈ కెమెరా మటుకు తన ఫోన్లో కనపడాల్సిందేనని పట్టుబట్టాడు. చివరికి పాస్‌వర్డు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే అందరికీ సమానమని తేల్చారు. గ్రూపులో నూట పన్నెండు మంది, అందరూ మగవాళ్లే.

ఇంకో మాట కూడా ఆ అరుగు మీదే అనుకున్నారు. కెమెరా అని తెలిస్తే దొంగ జాగ్రత్త పడతాడు, ఆడవాళ్ల నోట్లో మాట నిలవదు, కాబట్టి ఇళ్లలో సోలారు లైటని చెప్పాలి. దానికి లైటు ఉన్న మాట నిజమే, మనిషి కదిలితే దానంతటదే వెలుగుతుంది. మారుతి ఆ సాయంత్రమే భారతికి లైటని చెప్పాడు. ఆమె సంతోషపడింది.

ఎందుకు సంతోషపడిందో అడగలేదు మన మహానుభావుడు. ఆ ఊళ్లో ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టించారు. రోజుకు గంటసేపు నీళ్లొచ్చే చోట వాటికి పోయడానికి నీళ్లెక్కడివి? వాటిల్లో కట్టెలూ పత్తిసంచులూ పెట్టుకున్నారు. తెల్లవారుజామున ఆడవాళ్లు ఏ దిక్కుకు పోతారో మగవాళ్లు అడగరు, కట్టుకున్న మొగుడికైనా ఆడవాళ్లు చెప్పరు. తాతల కాలం నుంచీ అదే మర్యాద.

మారుతి తన ఫోన్లో ఆ కెమెరా తెరిచి మూడు వారాలయింది. మొదట్లో మేక కదిలినా కుక్క కదిలినా గంట మోగుతుంటే విసుగొచ్చి ఆ గంట నోరు నొక్కేశాడు. ఇప్పుడు అంగడి షట్టరు సగం దించి తెరిచాడు. ఆ పాస్‌వర్డుతో నూట ఎనభై మూడు ఫోన్లు నడుస్తున్నాయి. నూట పన్నెండు మంది ఉన్న గ్రూపుకు నూట ఎనభై మూడు! కొన్ని బళ్లారివి, కొన్ని ఎక్కడివో కూడా తెలియదు. వెంటనే పాస్‌వర్డు మార్చాడు, దాచి ఉన్నవన్నీ తుడిచేశాడు. జనం ఫోన్లలోకి దిగిపోయినవాటిని ఎవడు తుడుస్తాడు?

ఉచ్చీరప్పకు ఫోను చేశాడు. సంగతి చెప్పాడు.

"నాలుగు దినాలాయప్పా నా కంట బడి," అన్నాడు ఆయన. "మళ్ల తెరవల్యా. పెద్దోన్ని, యా నోటితో సెప్పాల? పెట్టినోడివి నువ్వే సూసుకుంటావులే అనుకుంటి."

నాలుగు రోజులు. అరుగుమీద కూర్చుని న్యాయాలు చెప్పే మనిషికి సిగ్గు అడ్డమొచ్చి నాలుగు రోజులు. ఆయన ఒక్కడే కాదు, ఊళ్లో ఎంతమంది చూసి ఊరుకున్నారో, ఎంతమంది చూడ్డానికే అలారం పెట్టుకుని లేచారో. వాళ్లందరితోనూ మారుతి దినమూ టీ తాగుతున్నాడు. ఒక్కడి మొహంలోనూ ఏమీ కనపడలేదు.

బండి ఎక్కి ఊరికి పోయాడు. దారంతా ఒక అబద్ధం అల్లుకున్నాడు. లైటు పాడయింది, ఆదోనికి తీసుకుపోయి బాగుచేస్తానని చెప్పాలి. దించేస్తే సరి, ఇంట్లో ఎవరికీ తెలియనక్కర్లేదు.

అతను చేరేసరికి నీళ్లు వదిలే వేళ. బోరు చుట్టూ బిందెలు, ఆడవాళ్లు. భారతి బిందె కింద పెట్టి వరుసలో నిలబడి ఉంది. బసమ్మ పంపుగది మెట్టు మీద కూర్చుని ఉంది. మారుతి ఎవరి మొహమూ చూడకుండా బోరు పక్క స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కి మరలు విప్పడం మొదలుపెట్టాడు.

కింద గోలయింది. దాన్ని ఎందుకు దించుతున్నావని తలా ఒక మాట అడిగారు. ఉరుకుందమ్మ అనే నడివయసామె అయితే నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ చీకట్లో ఊరవతలి వంకదాకా పోయేవాళ్లమనీ, పోయిన వానల్లో తనను తేలు కుట్టింది అక్కడేననీ, ఈ లైటొచ్చినాకే ఇక్కడికి మారామనీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"నీ పెండ్లామే పిల్సుకొచ్చింది మమ్మల్ని," అంది. "సల్లంగుండు నాయనా, దాన్ని మటుకు ముట్టద్దు."

మారుతి చేతిలో మర జారి కింద పడింది. వంకకు పోయేవాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చారో అప్పుడు తెలిసింది. వెలుతురు చూసి వచ్చారు. తాను చెప్పిన మాట నమ్మి వచ్చారు. అల్లుకున్న అబద్ధం నోట్లోనే ఎండిపోయింది.

భారతి అతని మొహం చూసి దగ్గరికి వచ్చింది. ఏమయిందని మెల్లగా అడిగింది.

"అది లైటు గాదు భారతీ," అన్నాడు. "కెమెరా."

"ఎవురు సూసేది?"

"ఊర్లో మొగోళ్లందురూ. ఊరు దాటి గూడా పోయింది. పొద్దున అంగట్లో సూస్తి. నువ్వూ అమ్మా..." 

ఉరుకుందమ్మ చెయ్యి నిచ్చెన మీది నుంచి జారింది. వెనక వరుసలో ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నీళ్లు బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ వంగి తీయలేదు.

భారతి ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బాగుండునని మారుతికి అనిపించింది.

"లైటని సెప్పినావు నాకు," అంది. "నేను ఇల్లిల్లూ తిరిగి అదే సెప్పినా. భయం లేదు, రాండి, మా ఆయన పెట్టించినాడని సెప్పినా."

మెట్టు మీద బసమ్మకు ఈ మాటలేవీ సరిగ్గా వినపడలేదు. అందరూ ఒక్కసారిగా నోళ్లు మూసుకోవడం మాత్రం తెలిసింది. వాడు ఏమంటున్నాడని కోడల్ని అడిగింది.

భారతి అత్త వైపు తిరిగింది. "ఏం ల్యాదత్తా. లైటు సెడిపోయిందంట."

"అయ్యో. మంచి లైటు," అంది బసమ్మ. "అట్లయితే రేపు తెల్లారుజామున యాడికి పోదామే?"

భారతి తలెత్తి మొగుడి వైపు చూసింది. ఉరుకుందమ్మ చూసింది, వరుసలో ఉన్న ఆడవాళ్లంతా చూశారు. పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్లోనే ఉంటూ ఆ ప్రశ్న ఒక్కనాడూ అడగని మారుతి, సగం ఊడిన కెమెరాను చేత్తో పట్టుకుని నిచ్చెన మీదే నిలబడిపోయాడు.