గొంతు పెంచని ఊరు

ఇంటికి పెద్ద కోడలు కాబట్టి చిన్నా పెద్దా అందరూ ఆమెను వదిన అనే పిలిచేవారు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగు బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళ సర్వీసు. యాభై పొరల గుడ్డను గీత తప్పకుండా ఒక్క వేటున కోసుకుపోయే చెయ్యి ఆమెది. ఆ ఏడు కొత్త మిషన్లు బిగిస్తున్నారని ఫ్యాక్టరీ నెల రోజులు మూసేశారు. ఆమె ఆడపడుచుకు కూడా బడి సెలవులు. ఆడపడుచు భూగోళం టీచరు. పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకు ఊళ్ళ గురించి చెబుతూ, వాటిలో ఒక్క ఊరూ కంటితో చూడని మనిషి.

"వీపున సంచులు తగిలించుకుని నాలుగు ఊళ్ళు తిరిగొద్దాం వదినా. ఏ ఊరి సంగతైనా నాకు కంఠతా వచ్చు. నువ్వు నా వెనక నడిస్తే చాలు," అంది టీచరు.

ఆ 'నా వెనక' అన్న మాటకే వదినకు ఒళ్ళు మండింది. అయినా బయలుదేరింది. మొగుడు గడప దాటే రకం కాదు. ఆయన తోడు కోసం చూస్తూ కూర్చుంటే కాటికి తప్ప మరెక్కడికీ పోలేనని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

మొదటి ఊరు, టీచరు లెక్క ప్రకారం, మర్యాదకు పుట్టినిల్లు. "అక్కడ పసిపిల్లను కూడా మీరు అంటారు," అని బస్సులో దారి పొడుగునా చెప్పింది. బస్సు ఆగీ ఆగకముందే కండక్టరు వాళ్ళ సంచులు కిందికి విసిరి, "ఏయ్, తీసుకో తీసుకో, అడ్డం లే!" అని కసిరాడు. లాడ్జి నడిపే ఆవిడ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చి, బకెట్లో నీళ్ళు ఎంతవరకు తగ్గాయో వంగి చూసి వెళ్ళేది. మందుల షాపతన్ని దారి అడిగితే, "నా మొహం మీద మ్యాపు గీసుందా?" అన్నాడు. మూడు రోజులు అదే వరస.

"ఏమ్మా చిన్నమ్మాయ్, పుట్టింటివాళ్ళు ఇంత బాగా చూసుకుంటారా?" అంది వదిన మూడో రోజు, సంచి సర్దుకుంటూ.

"మనం దిగిన పేట మంచిది కాదు. ఊరు మంచిదే," అంది టీచరు. తను పాఠం చెప్పే పుస్తకం తప్పని మాత్రం ఆమె నోట రాలేదు.

రెండో ఊరికి పోయే బస్సులో టీచరు కొంగు బిగించింది. "ఇది కలహాల ఊరు వదినా. నోటి దురుసు మనుషులు. నోరున్నవాళ్ళకే అక్కడ బతుకు. నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటాను."

దిగాక వదినకు ముందు ఏం తేడాగా ఉందో అర్థం కాలేదు. బస్టాండు నిండా జనం. ఒక్క గొంతు కూడా పైకి లేవడం లేదు. పళ్ళమ్మే అతను బుట్ట ముందు బొమ్మలా నిలబడ్డాడు. టీచరు మాత్రం దారంతా సానబెట్టుకొచ్చిన గొంతుతో, "ఏంటయ్యా, ఎంత చెబుతావ్? మమ్మల్ని చూస్తే ఊరికే వచ్చినవాళ్ళలా ఉన్నామా?" అని అరిచింది. అటూ ఇటూ తలలన్నీ తిరిగాయి. అతను గోనెపట్టా తీసి బుట్ట మీద కప్పాడు.

"మీకు అమ్మనండి," అన్నాడు, పక్కనున్నవాడికి కూడా వినపడనంత నెమ్మదిగా.

ఆ 'అండి'లో ఉన్న చల్లదనం వదినకు వెన్నులోకి పాకింది. ఆ ఊళ్ళో అందరిదీ అదే తీరు. గది ఇచ్చిన ముసలాయన తాళంచెవి చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి వేలితో జరిపాడు. భోజనానికి కూర్చుంటే పక్క బల్లవాళ్ళు గిన్నెలు పట్టుకుని లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నారు. తిడితే తిరిగి తిట్టొచ్చు, గోడతో ఏం పోట్లాడతాం అనుకుంది వదిన.

మర్నాడు పొద్దున టీచరు సంచి భుజంపట్టీ పుటుక్కున తెగింది. అడగ్గా అడగ్గా ఒకామె కళ్ళతోనే ఒక సందు చూపించింది. సందు చివర కాన్వాసు సంచులు కుట్టే గది. ఏడుగురు ఆడవాళ్ళు ఏడు మిషన్ల మీద పని చేస్తున్నారు. ఎదురుగా ఎత్తు బల్ల దగ్గర మేస్త్రమ్మ ఒకావిడ, మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. ఆ బల్లా ఆ కత్తెరలూ చూడగానే వదినకు సొంత ఇంటికి వచ్చినట్టనిపించింది.

మేస్త్రమ్మ సూదులు తీసి, తెగిన చోటు తిప్పి చూసింది. "పలచటి దారం. కూర్చోండి," అంది.

అంతటితో పోయేదే. కానీ ఆలస్యమవుతోందని టీచరు విసుక్కుంది. "ఎంతసేపమ్మా ఇంకా? ఈ ఊరికి ఆ పేరు ఊరికే పడలేదు!"

ఏడు మిషన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. చివరి మిషను దగ్గరామె లేచి తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఏమని పడిందండీ మా పేరు?" అంది మేస్త్రమ్మ.

"ఏదో... మాట వరసకి అన్నాను."

"మీరు టీచరని సంచి మీద బడి పేరు చెబుతోంది. మా గురించి పిల్లలకు ఏం చెబుతారో మేమూ వింటాం. చెప్పండి. మా అందరికీ వినపడాలి, లేచి నిలబడండి."

టీచరు లేచింది. బల్ల మీద చూపు పెట్టి, కంఠతా వచ్చిన పేరా అప్పజెప్పింది. "ఈ నగరవాసులు స్వభావరీత్యా కోపిష్ఠులు, కలహప్రియులు. బిగ్గరగా మాట్లాడుదురు. ఇచ్చటి ముఖ్య ఉత్పత్తులు తోలు, కాన్వాసు, సబ్బు."

"కోపం, కాన్వాసు, సబ్బు," అని వేళ్ళు మడిచింది మేస్త్రమ్మ. "ఎన్ని మార్కులండీ మాకు?"

"రెండు."

"ఊరంతటికీ కలిపి రెండేనా?" అంది తలుపు దగ్గరామె.

ఆడవాళ్ళు నవ్వారు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. చప్పుడయ్యేలా నవ్వింది వదిన ఒక్కతే. ఆపుకోలేకపోయింది. 'వదినకేం తెలుసు, గుడ్డముక్కలు తప్ప' అని ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పేరంటంలోనూ ఆడపడుచు నోట విన్న ఇరవై రెండేళ్ళూ ఆ నవ్వులో బయటికొచ్చేశాయి. టీచరు తల తిప్పి ఆమెను చూసింది. అంతే, ఇక ఎవరినీ చూడలేదు.

మేస్త్రమ్మ పట్టీ కుట్టి, దారం కొరికి, సంచి నేల మీద పెట్టింది. "డబ్బులు అక్కర్లేదు. మీరు బాగా చెప్పారు. ఇంక మా గుమ్మం తొక్కకండి."

లాడ్జి గదిలో టీచరు సంచిలో బట్టలు కుక్కుకుంది.

"ఇంత దానికి ప్రయాణం మానుకుంటావా? నీ పుస్తకంలో ఉన్నదేగా వాళ్ళు అడిగింది," అంది వదిన.

"పుస్తకం నేను రాయలేదు. వాళ్ళు నవ్వితే నవ్వారు, పరాయివాళ్ళు. నీ నవ్వు సందు బయటిదాకా వినపడి ఉంటుంది."

"నన్ను నువ్వు నలుగురిలో ఎన్నిసార్లు నవ్వులపాలు చేశావో లెక్కుందా?"

"లేదు. ఇవాళ్టితో చెల్లుకు చెల్లు అనుకో. నా వెంట రాకు."

టీచరు వెళ్ళాక వదిన ఒక గంటసేపు మంచం అంచున కూర్చుంది. కోపం నిలబడుతుందేమోనని చూసింది, నిలబడలేదు. లేచి తిన్నగా ఆ కుట్టుగదికి నడిచింది.

"ఆవిడను అంతమందిలో నిలబెట్టి అప్పజెప్పించడం బాగాలేదు," అంది గుమ్మం బయటి నుంచే.

మేస్త్రమ్మ గుడ్డ మీద నుంచి చూపు ఎత్తలేదు. "మీరూ నవ్వారుగా."

"నవ్వాను."

"అయితే ఆ మాట ఆవిడతో చెప్పుకోండి. మాతో ఏం పని?" తలుపు మూసుకుంది, అదీ చప్పుడు కాకుండా.

వదిన బస్టాండుకు పరిగెత్తింది. బస్సు వెళ్ళి అరగంటయిందని ఒకాయన చెప్పాడు, మొహం చూడకుండానే. ఇంటికి తిరిగిపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పంతం పట్టి ఆ ఊళ్ళోనే ఇంకో రెండు రోజులుంది. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ కసరనూ లేదు. తర్వాత ఒంటరిగా మరో రెండు ఊళ్ళు తిరిగింది, అవి ఎలాంటివో ముందుగా ఎవరినీ అడగకుండా. ఒకదాంట్లో జ్వరం వచ్చి పడుకుంది. ఇంకోదాంట్లో గొడుగు పోగొట్టుకుంది.

ఇది జరిగి మూడేళ్ళు. ఇప్పటికీ వదినా ఆడపడుచూ నేరుగా మాట్లాడుకోరు. పక్కపక్కనే భోజనానికి కూర్చున్నా, "మీ ఆవిడకు మజ్జిగ కావాలేమో కనుక్కో అన్నయ్యా," అంటుంది టీచరు. వదిన మొగుడు తలపట్టుకుంటాడు. ఏం జరిగిందని అడిగితే ఇద్దరూ చెప్పరు.

మొన్నామధ్య మరిది కూతురు, టీచరు బడిలోనే చదువుతున్న పిల్ల, పెద్దమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెబుతోంది. ఆ కలహాల ఊరి పాఠం వచ్చినప్పుడు టీచరు పుస్తకాలు మూయించిందట. ఆ ఊరికి తను వెళ్ళానని, అక్కడివాళ్ళు గొంతు పెంచకుండానే మనిషిని ఏడిపించగలరని, కుట్టుపని మాత్రం గట్టిగా చేస్తారని చెప్పిందట.

"ఒక్కతే వెళ్ళిందా అని అడిగాం పెద్దమ్మా."

"ఏమంది?" అంది వదిన, చేతిలో గుడ్డ మడత పెడుతూ.

"మాట దాటేసి, బోర్డు తుడిచేసింది."

వదిన మడిచిన గుడ్డనే విప్పి మళ్ళీ మడిచింది.