ఎయిర్‌మెయిల్ కొలువు

పొయ్యి మీద పప్పు పొంగే వేళకే వెంకట్రాజానికి ఉత్తరాలు గుర్తుకొస్తాయి. ఆ రోజూ అంతే. "శారదా, జర ఇటు రా. లండన్ దొరకు ఉత్తరం కొట్టేదుంది" అని ముందు గదిలోంచి కేక వేశాడు. శారద పప్పు దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి టైపు మిషను ముందు కూర్చుంది. రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టేలోపే ఆయన చెప్పాల్సింది అయిపోయింది. జంపఖానాలు కొనే దొరకు సరుకు లేటవుతుందని రాయాలి, మర్యాదగా రాయాలి. అంతే. చెప్పులు తొడుక్కుని బజారుకు వెళ్ళిపోయాడు.

భర్త చెప్పిన ఆ రెండు ముక్కల్ని పేజీ నిండా ఇంగ్లీషు చేయడం శారద వంతు. ముసురుకు రంగు వేసిన నూలు ఆరలేదని, ఏ జంపఖానా నేత ఎంతవరకు వచ్చిందో, బొంబాయిలో ఏ ఓడకు ఎక్కుతుందో, మగ్గాల దగ్గరికి వెళ్ళివచ్చే గుమాస్తాను అడిగి అడిగి తెలుసుకుని రాసేది. దొర ఒకసారి కోప్పడితే ఆ కోపం చల్లారేలా ఎలా రాయాలో కూడా ఆమెకే తెలుసు. పెళ్ళికి ముందు హనుమకొండలో టైపు హయ్యరు, షార్ట్‌హాండు పాసయింది. పెళ్ళిచూపుల్లో ఆ సర్టిఫికెట్లు చూసి మామగారు, "ఇంక మనం క్లర్కును పెట్టుకునుడు తప్పింది" అన్నాడు. అందరూ నవ్వారు. శారద కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత తొమ్మిదేళ్ళుగా అప్పుడప్పుడు తనను తానే అడుగుతూ ఉంటుంది.

అత్త చిలుకమ్మకు ఆ టకటక గిట్టదు. "మగ్గం కొడితే బట్టన్న కనవడ్తది. ఇది కొడితే ఏం కనవడ్తది పిల్లా?" అనేది. బజార్లో వెంకట్రాజం మాత్రం తన ఉత్తరం చూస్తే దొర ఎంత ఖుషీ అవుతాడో పదిమందికీ చెప్పుకునేవాడు. దొర రాసిన జవాబుల్ని శారదే చదివి తెలుగులో చెప్పాలి. మెచ్చుకున్న మాటలు వస్తే ఆయన రెండుసార్లు చెప్పించుకునేవాడు. ఆమె చెప్పేది. తన పిల్లను ఎవరో ఎత్తుకుని వాళ్ళ పిల్లే అని ముద్దాడుతుంటే పక్కన నిలబడి చూసినట్టు ఉండేది ఆమెకు. అన్నం వడ్డించే వేళ అయ్యేది, లేచి వెళ్ళేది.

ఇన్‌స్టిట్యూటులో మాస్టారు ఒక పద్ధతి నేర్పాడు. ఉత్తరం అడుగున ఎడమ పక్క, చెప్పినవాళ్ళ పొడి అక్షరాలు, ఒక గీత, ఆ పక్కన కొట్టినవాళ్ళ అక్షరం చిన్నగా. తప్పు వస్తే ఎవరిదో తెలియాలి కదా. ఆ అలవాటు కొద్దీ శారద ప్రతి ఉత్తరం కింద తన అక్షరం వేసేది. వెంకట్రాజం దాన్ని ఫైలు నంబరు అనుకున్నాడు. లండన్‌లో మాత్రం అదేమిటో అందరికీ తెలుసు.

ఎనభై రెండు ఎండాకాలంలో పోస్టుమాన్ కొమురెల్లి ఎరుపు, నీలం అంచుల కవరొకటి తెచ్చాడు. శారద గట్టిగా చదువుతూ రెండో పేరా దగ్గర ఆగిపోయింది. మీ ఉత్తరాల కింద 'ఎస్' అని ఉండే మనిషి ఆడో మగో నాకు తెలియదు, ఆరేళ్ళుగా ఆ పనితనం చూస్తున్నాను అని రాశాడు దొర. ఇండియాలో తన పనులు చూసుకోవడానికి అలాంటి సెక్రటరీ కావాలట. లండన్ రానక్కర్లేదు, ఇల్లు కదలనక్కర్లేదు. తను చెప్పదలచుకున్నవి టేపులో మాట్లాడి పోస్టులో పంపుతాడు. అవి విని కొట్టాలి, తివాచీలు నేసే మీర్జాపూర్‌కు, బొంబాయికి రాయాలి, ఓడల తేదీలు, తన ప్రయాణాలు చూసుకోవాలి. జీతం నెలనెలా ఆ మనిషి పేరు మీదే డ్రాఫ్టుగా వస్తుంది. పేరు తెలియజేయండి అని అడిగాడు.

శారద ఆ చివరి ముక్క మళ్ళీ చదివింది. పేరు తెలియజేయమన్నాడు. ఆ ఇంట్లో రేషన్‌కార్డులో తప్ప తన పేరు ఎక్కడా రాసిలేదు.

"ఇంట్ల కూసోనే చెయ్యచ్చట. మన పని గూడ ఆగది. నేను చేస్త" అంది.

వెంకట్రాజం ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "ఇన్నేండ్ల సంది నా ఉత్తరాలు నువ్వు రాస్తున్నవని బజార్ల తెలిస్తే నా మొఖం ఏడ వెట్టుకోవాలె?" అన్నాడు. ఇంట్లో ఉండి చేసే పనికి జీతమేమిటని అటుపక్క నుంచి చిలుకమ్మ. అంతటితో ఆ మాట అయిపోయింది వాళ్ళకు.

ఆ సాయంత్రం వెంకట్రాజం మొదటిసారి ఉత్తరాన్ని మాట మాట చెప్పి రాయించాడు. "ఆ అమ్మాయికి పెండ్లయింది. కొలువు ఇడిసిపెట్టి అత్తగారింటికి పోయింది. అట్లనే కొట్టు."

కొట్టింది. ఒక్క తప్పు పోలేదు. అడుగున ఎడమ పక్క తన అక్షరం వేయడానికి వేలు దానంతటదే వెళ్ళింది, వెనక్కి తీసుకుంది. మర్నాడు పొద్దున ధర్మసాగర్ చెరువు నీళ్ళు నల్లాలో వచ్చినప్పుడు బిందెలు పెట్టుకుంటూ ఏడ్చింది. నీళ్ళ చప్పుడులో ఏడుపు ఎవరికీ వినబడదు. బిందెలన్నీ నిండేదాకా ఏడ్చింది. చచ్చిపోయి ఉంటే ఇంతకంటే నయం, తన చావువార్త తానే కొట్టుకోవాల్సి వచ్చేది కాదు అనిపించింది.

నెల దాటాక కొత్త ఆర్డరు వచ్చింది. దాంతోపాటు చిన్న పార్సిలు. లోపల వెండి రంగు పెన్ను, ఒక కార్డు. కార్డు చదివి వినిపించింది శారద. "మీ టైపిస్టు పెళ్ళికి నా చిన్న కానుక. దయచేసి ఆమెకు చేర్చండి. మాకు వచ్చే ఉత్తరాలన్నిటిలో ఆమెవే మంచివి. కొత్త ఇంట్లో ఆమెకంటూ ఒక బల్ల ఉంటుందని ఆశిస్తున్నాను."

వెంకట్రాజం పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచిగుంది అని జేబుకు పెట్టుకున్నాడు. పెన్ను ఆ పిల్లకు ముట్టిందని, సంతోషపడిందని, ఆర్డరు ఒప్పుకున్నామని జవాబు కొట్టమన్నాడు. తొందరగా కొట్టాలి, మధ్యాహ్నం టపాకు అందాలి.

శారద ఆ జేబు వైపు చూసింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. చాలా దూరం నడిచి వచ్చిన మనిషి అరుగు మీద కూలబడ్డట్టు, ఒళ్ళంతా అలసటే ఉంది. మిషను మీద మూత పెట్టి లేచింది.

"ఏందీ, లేస్తున్నవ్? ఎవరు కొడ్తరు?" అన్నాడు వెంకట్రాజం.

"కొట్టే పిల్ల లేదు" అంది శారద. "పెండ్లయి పోయిందని లండన్ దాక మీరే చెప్పిండ్రు."