పాటలో వేపచెట్టు

మొదలుపెట్టిన నాడు ఇంతియాజ్ చేతిలో ఉన్న సరుకు ఇది. ఒక ఎలక్ట్రిక్ గిటారు, దాని తీగల్లో ఒకటి ఎంత బిగించినా శ్రుతి నిలవదు. పదహారు చానళ్ళ మిక్సరు, అందులో నాలుగు చచ్చినవి. నంద్యాల సంజీవనగర్‌లో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడి, దాని వెనక పెళ్ళి తివాచీలు పెట్టే గోడౌను. ఇద్దరు స్నేహితులు. జమాతు పెద్దల ముందు ఖులా అడిగి, విడాకులు తీసుకుని ఆళ్ళగడ్డలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయిన భార్య నౌషీన్. ఏడు నెలలకే జ్వరంతో పోయిన బిడ్డ తస్నీమ్. ఇక రెండు చెవులు.

మైకుసెట్టువాడికి ఆ చెవులే అసలు పెట్టుబడి. పెళ్ళికూతురి తండ్రి మైకు ముందు గొంతు వణికించుకుంటే వచ్చినవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటారు. మైకుసెట్టువాడు మాత్రం ఈల రాకుండా ట్రెబుల్ తగ్గిస్తాడు. పదిహేనేళ్ళుగా ఇంతియాజ్ చేసింది ఆ పనే. చివరికి తన ఇంట్లో చావు జరిగిన నాడు కూడా అతనికి ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాడు. రాని బస్సు కోసం ఎంతసేపని నిలబడతాం? ఆ స్టాపు వదిలేసి గిటారు పట్టుకున్నాడు.

నౌషీన్ పోయాక సాయంత్రాలు ఖాళీ పడ్డాయి. ఖాళీ గోడౌనులో ఎలుకలు చేరినట్టు ఆ సాయంత్రాల్లో మాటలు చేరాయి. లారీలోకి ఎక్కించాల్సిన సామాను చీటీ రాసినట్టు ఒకదాని కింద ఒకటి రాసి పెట్టుకున్నాడు. ఆమె కుట్టుమిషను తీసుకుపోయాక కూడా ఇంట్లో మిగిలిన దాని చప్పుడు మీద ఒక పాట. ఒకే ఇంట్లో వేర్వేరు వేళలకు అన్నం తినే ఇద్దరి మీద ఒకటి. ఆళ్ళగడ్డ బస్సు మీద ఒకటి. రాస్తుంటే నొప్పి లేదు. పన్ను పీకేముందు సూది వేసిన దవడలా ఉండేది.

కేశవది అహోబిలం. తాత, తండ్రి గుడిలో ప్రబంధ పారాయణం చేసే ఇంటివాడు. నంద్యాలలో విత్తనాల అంగట్లో పని. చిన్నప్పటినుంచి పారాయణంలో కూర్చోబెట్టినందుకు, ఒక ఊపిరి పడితే నాలుగు చరణాలదాకా వదలడు. వాడే పాడేది, బేస్ గిటారు వాయించేది.

"మా నాయనకు తెలిస్తే స్తంభం చీల్చుకుని వస్తాడు రా," అనేవాడు.

"రానీలే, మైకు పెడదాం," అనేవాడు శాంసన్. వాడు ఆదివారం చర్చిలో డ్రమ్స్ కొడతాడు, మిగతా రోజుల్లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు.

గోడౌను పక్కనే బియ్యం మిల్లు. తెల్లారి మొదలైతే చీకటి పడేదాకా దాని రొద ఆగదు. గోడలకు ఎన్ని తివాచీలు వేలాడదీసినా లాభం లేకపోయింది. అమావాస్యనాడు మాత్రం మిల్లుకు సెలవు. ఆ రోజు పెళ్ళి ముహూర్తాలూ ఉండవు, మైకుసెట్టుకూ సెలవే. అందుకని నెలకొక పాట, అమావాస్యకొక పాట రికార్డు చేసుకుంటూ వచ్చారు. మంచి పనులకు ఎవరూ ముట్టని రోజు వీళ్ళకు కలిసొచ్చింది. ఏడు అమావాస్యలకు ఏడు పాటలు తేలాయి. పాడుతూ కేశవ ఒకసారి ఏడ్చాడు, శాంసన్ ముక్కు చీదుకున్నాడు. ఇంతియాజ్ మిక్సరు మీద ఎర్ర లైటు వెలుగుతోందా అని చూశాడు.

ఎనిమిదో పాట తస్నీమ్ మీద. పల్లవిలోనే బిడ్డ పేరుంది. నమూనాకని ఫోన్లోకి పాడి, కేశవ కాగితం మడిచి కింద పెట్టాడు.

"పేరు పెట్టినావు సరే. తల్లిని అడిగినావా?"

"పాట నాది గదా."

"బిడ్డ నీ ఒక్కనిదేనా?"

శాంసన్ కర్రలు సంచిలో వేసుకుంటూ అన్నాడు: "ఆ యమ్మ ఊఁ అనకుంటే నేను కొట్టనన్నా. యాడో ఫోన్లో అకస్మాత్తుగా బిడ్డ పేరు ఇనపడితే మనిషి ఏమైపోతాది? ఆ పాపం నాకొద్దు."

ఎనిమిదోది లేకుంటే మిగిలిన ఏడూ తాడు లేని బొంగరాలే, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. వచ్చే అమావాస్యకు ఇంకా పదకొండు రోజులున్నాయి. మరునాడే ఇంతియాజ్ ఆళ్ళగడ్డ బస్సెక్కాడు.

బస్సు శిరివెళ్ళలో ఆగినప్పుడు అతను కిటికీ వైపు తిరగలేదు. మూడేళ్ళ కిందట, బిడ్డకు మట్టి ఇచ్చిన రోజు, కబరస్తాన్‌లో ఉండగానే జేబులో ఫోను మోగింది. శిరివెళ్ళ పెళ్ళిలో ఆంప్లిఫయర్ కాలిపోయింది, నిఖా ఆగిపోయింది, జనం తిడుతున్నారు. అరగంట పని అనుకున్నాడు. ఇంటికి పోకుండా అటునుంచి అటే పోయాడు. తిరిగి ఇల్లు చేరేసరికి నౌషీన్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె ఏమీ అడగలేదు. తనూ ఏమీ చెప్పలేదు. నలభై రోజుల ఫాతిహా అయిన మర్నాడు ఆమె కుట్టుమిషను ఆటోలో ఎక్కించుకుని పోయింది.

ఆళ్ళగడ్డలో శిల్పులు విగ్రహాలు చెక్కే షెడ్ల వరసకు ఎదురుగా నౌషీన్ టైలరింగ్ అంగడి. రాతిపొడి జాకెట్ గుడ్డల మీద పడకుండా తలుపుకు తడిదుప్పటి వేలాడదీసింది. దాన్ని పక్కకు తోసి లోపలికి రాగానే ముందు పలకరించింది ఆమె తల్లి గుల్జార్‌బీ.

"ఏందీ నాయనా, జాకెట్లు కుట్టించుకోనీకి వచ్చినావా? కొలతలు తీసేదా?"

"ఒక మాట అడగాల, నౌషీన్‌ను."

"మూడేండ్లకు ఒక మాట తెచ్చినాడంట. బరువుగుంటాదేమో, కూలోన్ని పిలువు," అని ముసలామె కూతురివైపు చూసి, కాజాలు కుట్టే పనిలో పడింది. లేచి బయటికి మాత్రం పోలేదు.

నౌషీన్ మిషను ఆపలేదు. ఇంట్లో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుకునే మనిషి, ఇప్పుడు గిరాకీతో మాట్లాడినట్టు తెలుగులో అడిగింది: "చెప్పు."

చెప్పాడు. ఎనిమిది పాటలు, పెళ్ళి మీద, పోయినోళ్ళ మీద, మన మీద. ఎనిమిదోదానిలో పాప పేరుంది. నువ్వు సరే అంటేనే బయటికి వస్తుంది, లేకుంటే లేదు.

ఆమె చెయ్యి చాపింది. ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంది. ఎదురుగా రాళ్ళ మీద ఉలులు పడుతూనే ఉన్నాయి. ఇంతియాజ్ ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు, మిక్సరు లైట్లు చూసినట్టే. ఆమె పాట అంతా విని, వెనక్కి జరిపి ఒకచోట మళ్ళీ వినింది. ఇంకోసారి వినింది. ఆ తర్వాత అడిగిన గొంతు గిరాకీతో మాట్లాడే గొంతు కాదు.

"ఆడ యాపచెట్టు ఉండాదా?"

"యాడ?"

"పాప ఉండే తావున. పాటలో ఉండాది గదా, యాపచెట్టు నీడన పండుకున్నావు, పూలు రాలి దుప్పటి కప్పినాయి అని."

చెట్టు లేదు. రాగానికి చక్కగా కుదిరిందని పెట్టాడు. పందిరి ఖాళీగా కనబడితే ప్లాస్టిక్ పూలదండ వేలాడదీసినట్టు. చెట్టు ఉందని ఇప్పుడు తను ఊఁ అంటే చాలు. ఎదుటి మనిషి సరుకును చేత్తో తడిమి, ముఖం మెత్తబడి, ఇక తలూపబోయే ఘడియ ఎట్లా ఉంటుందో అతనికి తెలుసు. ఆ ఘడియలో నోరు విప్పి బేరం చెడగొట్టుకునేవాడు వ్యాపారి కాదు.

"లేదు," అన్నాడు. "పాట కోసం పెట్టినా."

నౌషీన్ ఇయర్‌ఫోను తీసి ఫోను మీద పెట్టింది. కాజాలు కుడుతున్న గుల్జార్‌బీ సూది ఆగింది.

"మూడేండ్ల నుంచి నాకు తెలవాల్సింది అదొక్కటే," అంది నౌషీన్. "ఆడోళ్ళం కబరస్తాన్‌కు రాలేము. మోసుకపోయినోడు వచ్చి చెప్తాడని ఆ పొద్దు గడపలోనే కూచోనుంటి. యాడ పెట్టినారు, ఎవురు దించినారు, మన్ను మెత్తగుందా రాళ్ళున్నాయా. నువ్వు రాలేదు. పక్కింటోళ్ళను అడిగితే, మీ ఆయన్ను అడుగు అన్నారు. ఈ పొద్దు పాటలో ఇంటే, చెట్టు ఉందనుకున్యా. పోనీలే, నీడుందిలే అనుకున్యా."

"ఆ పొద్దు శిరివెళ్ళలో ఆంప్లిఫయర్..."

"తెలుసు. కాలిపోయింటాది. ఇప్పుడు చెప్పు. ఎట్లుండాది ఆడ?"

ఇంతియాజ్ నోరు తెరిచాడు. ఆ రోజు గోతిలో మూడు గుప్పెళ్ళ మట్టి వేయాల్సింది. రెండోది వేస్తుండగా ఫోను మోగింది, మూడోది వేశాడో లేదో. బిడ్డ గోరీ ఏ గోడ పక్కన, ఎన్నో వరస, ఏమీ తేలలేదు. ఆ తర్వాత ఒక్కసారైనా అటువైపు పోలేదు.

"తెలీదు," అన్నాడు.

"తెలీదా?"

"తెలీదు. చూసొచ్చి చెప్తా."

ఆమె మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "ముందు చూసి చెప్పు. పాట సంగతి ఆ మీదట."

మరునాడు మధ్యాహ్నం నమాజు తర్వాత నంద్యాల కబరస్తాన్‌కు పోయాడు. గోతులు తవ్వే నూర్ మహమ్మద్ పార మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఎవురిదప్పా?"

"చిన్నబిడ్డ. మూడేండ్లయ్యింది. పేరు తస్నీమ్, నేను తండ్రిని. మైకుసెట్టు ఇంతియాజ్ అంటారు."

ముసలాయన కళ్ళు చిట్లించి చూశాడు. "నువ్వేనా! జేబులో ఫోను మోగిస్తానే మన్నేసినోడివి. ఇన్నేండ్ల నా తవ్వకంలో అట్లాంటోన్ని నిన్నొక్కన్నే చూసినా. దా."

పడమటి గోడ వెంబడి పిల్లల వరస. సమాధి రాళ్ళు లేవు, వానలకు దిబ్బలు అణిగిపోయాయి. ఏడెనిమిది చోట్ల నేల కాస్త ఉబ్బి ఉంది, అంతే. నూర్ మహమ్మద్ మాత్రం తన పెరట్లో పాదులు చూపినంత సులువుగా చూపించాడు: సగం ఇటుక ఉన్నది దర్జీవాళ్ళ పిల్లోడిది, దాని పక్కది నీ బిడ్డది.

ఏ ఫంక్షన్ హాలుకు పోయినా ఇంతియాజ్ ముందు అడుగులతో కొలుస్తాడు, వైరు ఎంత పడుతుందో చూసుకోవాలి గదా. ఇక్కడా గేటు దగ్గరికి వెనక్కి పోయి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. రెండుసార్లు కొలిచాడు. అప్పుడు ఫోను చేశాడు. గొంతులో వణుకు వస్తుందేమోనని ఒక క్షణం ఆగాడు. రాలేదు. మైకు పరీక్ష చేసేటప్పటి గొంతే వచ్చింది.

"గేటు నుంచి నేరుగా నలభై రెండు అడుగులు. ఆడ నుంచి ఎడంపక్కకు పదహారు. పడమటి గోడకు ఆనుకుని పిల్లోళ్ళ వరస. అందులో ఐదోది. మన్ను ఎర్రది, మెత్తగుండాది, చిన్న రాళ్ళున్నాయి. గడ్డి మొలిచిండాది. ఎండిపోయిండాది."

"నీడ?"

"పొద్దున ఉండదు. రెండు దాటితే గోడ నీడ పడుతుంది. ఇప్పుడు పడిండాది."

అవతల మిషను చప్పుడు లేదు. ఉలుల చప్పుడు కూడా దూరంగా పోయింది. ఆమె లేచి వెనక గదిలోకి పోయినట్టుంది.

"ఏమినపడతాది ఆడ?"

ఇంతియాజ్ విన్నాడు. "గోడవతల కోళ్ళ షెడ్డు ఉండాది. కోళ్ళు అరుస్తాండాయి. ఇంకేం లేదు."

నౌషీన్ ఉర్దూలో అంది, మూడేళ్ళలో మొదటిసారి: "ఎదురింటోళ్ళ కోడి మన వాకిట్లోకి వస్తే పాప నవ్వేది. గట్టిగా, కడుపు పట్టుకున్నట్టు నవ్వేది. నువ్వు ఇంట్లో ఉండేవాడివి కాదు, చూసుండవు."

"చూడలేదు."

"చెట్టు తీసేయ్. ఇప్పుడు చెప్పినావే, ఇదే పెట్టుకో, ఇట్లనే చెప్పు. పేరు ఉండనీ."

ఫోను పెట్టేసింది.

అమావాస్యనాడు మిల్లు ఆగింది. ఇంతియాజ్ మైకు ముందు కూర్చుని, అడుగుల దగ్గర మొదలుపెట్టి కోళ్ళ దాకా, చెప్పినది చెప్పినట్టు చెప్పాడు. పాప నవ్వేదన్న మాట మాత్రం అందులో పెట్టలేదు. అది నౌషీన్ సొత్తు.

కేశవకు మింగుడు పడలేదు. "ఇందులో పాట యాడుందిరా? దారి చెప్తాండావ్. నేనేం పాడాల?"

"పాడొద్దు. కింద ఒకే స్వరం పట్టుకో."

"ఎంతసేపు?"

"నీకు ఊపిరి ఉన్నంతసేపు."

శాంసన్ కర్రలు పక్కన పెట్టి డ్రమ్ము మీద అరచేత్తో, మట్టి తడుతున్నట్టు, నెమ్మదిగా తట్టాడు. ఒక్కసారికే అయిపోయింది. రెండోసారి తీసుకుందామని ముగ్గురిలో ఎవరూ అనలేదు.

ఎనిమిది పాటలూ ఇంటర్నెట్‌లో పెట్టారు. మొదటి నెలలో నాలుగొందల మంది విన్నారు, వాళ్ళలో సగంమంది శాంసన్ చర్చివాళ్ళే. ఎనిమిదోది పాటే కాదని చాలామంది రాశారు. అహోబిలంలో కేశవ తండ్రి విని, ఆ ఒకే స్వరం ఎక్కడా సడలకుండా పట్టినవాడెవడని అడిగాడట, కేశవ తెలీదన్నాడట.

చివరికి తేలిన లెక్క ఇది. నౌషీన్ తిరిగి రాలేదు, రమ్మని ఇంతియాజ్ అడగనూ లేదు. ఏడుపు ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. గిటారు తీగ ఇప్పటికీ నిలవదు. ఇంత పనిలో కొత్తగా చేతికి వచ్చింది ఒక్కటే. కోడి వాకిట్లోకి వస్తే తన కూతురు నవ్వేదని అతనికి తెలిసింది.