కదలకండి గారు

రెండో మనిషిని బల్ల మీంచి దింపి, తల పెట్టే చోట కొత్త కాగితం పరిచేసరికి ఎనిమిదిన్నరయింది. స్కానింగు గదిలో ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఆసుపత్రిలో అందరూ అతన్ని కదలకండి గారంటారు. రోజుకు ముప్పైసార్లు ఆ మాట అనే మనిషికి ఇంకో పేరెందుకు? "నిద్రలో కూడా నన్ను కదలొద్దంటారు. ఇది కాపురమా, ఫొటో స్టూడియోనా?" అంటుంది భార్య.

తలను బల్లకు బిగించే పట్టీ అరిగిపోయి, అంటుకోవలసిన చోట అంటుకోవడం లేదు. కొత్తదానికి చీటీ రాయాలి. రేపు రాద్దాం, రేపు రాద్దాం అంటూ మూడు నెలలు ప్లాస్టరు అంటించి నెట్టుకొచ్చాడు.

తొమ్మిదింటికి బట్టలు కుట్టే ఆవిడను తెచ్చారు. మిషను మీదే ఒరిగిపోయిందట. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నెరిసిన జుట్టులో ఎర్ర దారం ముక్క చిక్కుకుని ఉంది. భర్త గుమ్మం బయట నిలబడ్డాడు.

నరంలోకి మందు ఎక్కించి, అది రక్తంతో పాటు మెదడులో ఎక్కడికి ఎంత చేరుతోందో నిమిషం పాటు వరసగా తీయాలి. చచ్చిన భాగమెంతో, ఇంకా దక్కించుకోగలిగిందెంతో రంగుల్లో తేలుతుంది. ఆ నిమిషంలో తల కదిలితే ఆ రంగులను నమ్మడానికి లేదు.

ప్లాస్టరు చుట్ట పెట్టిన చోట లేదు. పై అంతస్తు నుంచి డాక్టరు ఫోనులో తొందరపెడుతున్నాడు. నిమిషమేగా అనుకుని పట్టీని ఊరికే నుదుటి మీద వేసి, అద్దం వెనక్కి వెళ్లి మైకులో "కదలకండమ్మా" అన్నాడు. మాట పోయినవాళ్లకు ఒక్కోసారి మాట అర్థం కూడా కాదని అతనికి తెలుసు. ఆవిడ ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందా అని తల తిప్పి వెతికింది.

మళ్లీ తీయాలి. తీస్తే పట్టీ సంగతి బయటపడుతుంది. ఫోను మోగింది.

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చిందండీ."

ఫోను పెట్టకుండానే డాక్టరు పైన తన తెరమీద రంగులు చూశాడు. "ఎడమవైపు దాదాపు అంతా పోయినట్టుందే. అడ్డుపడ్డ రక్తపు గడ్డ తీసినా లాభం లేదు" అన్నాడు. నిజంగానే పోయిందో, రంగులే తప్పో కదలకండి గారికి తెలియదు. అయినా ఫోను పెట్టేశాడు.

బయట భర్త ఎదురొచ్చాడు. "ఎలా వచ్చింది బాబూ?"

"కొంచెం కదిలారండీ" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని అతనికే సిగ్గేసింది.

తర్వాత పదకొండు మందిని పడుకోబెట్టాడు. ప్లాస్టరు కుర్చీ కింద దొరికింది. ఒక్కొక్కరి తలకూ రెండు చుట్లు చుట్టి బిగించాడు. ఒకాయన నొప్పెడుతోందని విసుక్కున్నాడు కూడా.

నాలుగింటికి భర్త ఒక్కడే కాగితాల కోసం దిగివచ్చాడు. ఆవిడ మూడున్నరకు పోయింది.

"ఎన్నడైనా నా మాట విందా బాబూ? పోనీ మీ మాటైనా వినాల్సింది. కదలకుండా ఉంటే బతికేదేమో, పిచ్చిది" అని చేతులు జోడించాడు. "మీరు మాత్రం ఏం చేస్తారు."

అతనికి తల కొట్టేసినట్లయింది. ఆవిడ తప్పేం లేదండీ, నాదే, అన్న మాట గొంతు దాకా వచ్చింది.

"ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు.

సాయంత్రం కొత్త పట్టీకి చీటీ రాశాడు. కారణం అన్నచోట కలం ఆపి, చివరికి "పాతబడింది" అని పూర్తిచేశాడు. పాతది ఊడదీసి బల్లమీద పెట్టాడు. దేన్నీ పట్టుకోలేని ఆ పట్టీ కొసన ఎర్ర దారం ముక్క అంటుకుని ఉంది.