కిలో గుండు

పోటీ మొదలయ్యేలోగా కావాల్సిన పనులు: బల్ల తుడవాలి. పిస్తోలు ఇమడాల్సిన కొలత పెట్టె బయటికి తీయాలి. పిడి మణికట్టును తాకుతోందేమో చూడాలి; తాకితే గురికి నిలబడేది చెయ్యి కాదు, చెక్క. బూట్లు చీలమండ దాటకూడదు. చివరగా ట్రిగ్గరుకు కిలో తూకపు గుండు తగిలించి పిస్తోలు పైకెత్తాలి. గుండు లేస్తే సరే. గుండు లేవకుండానే టక్కుమందా, ఆ పిస్తోలు పక్కకి.

ఇవన్నీ చేసే పెద్దమనిషిని షూటర్లు 'కాటా' అంటారు. ఎదురుగానే అంటారు.

"కాటాగారూ, మా అమ్మ కూరగాయలు కూడా ఇంత పట్టుగా తూయించదండీ!"

"మీ అమ్మ కొనేవి పేలవు కదమ్మా."

ఆ రోజు వరసలో ఆయన తమ్ముడి కూతురు కూడా ఉంది. జూనియర్ల జట్టులో చోటుకి ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం; వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. పొద్దున ఆమె పిస్తోలు గుండును బుద్ధిగా ఎత్తింది.

"నావైపు గుడ్లురిమి చూడకు పెదనాన్నా, చెయ్యి వణుకుతుంది" అని నవ్వి వెళ్లింది.

ఎన్నడూ లేనంత బాగా కాల్చింది. అందరికన్నా పైన నిలిచింది.

పోటీ అయ్యాక చీటీ తీసి కొందరివి మళ్లీ తూస్తారు. పొద్దుటి తూకం తర్వాత స్క్రూ కాస్త తిప్పితే చాలు, ట్రిగ్గరు తేలికై గురి చెదరదు. అందుకే ఆ నియమం. చీటీలో తమ్ముడి కూతురే వచ్చింది. కాటా గుండు తగిలించాడు. టక్. మళ్లీ తగిలించాడు. టక్. మూడోసారీ అంతే. పిల్ల పక్కనే ఉన్న తన తండ్రి వైపు చూసింది. తండ్రి నేల చూపులు చూశాడు.

తమ్ముడు ఆయన్ని పక్కకి లాగాడు. "అరచుట్టు తిప్పానన్నయ్యా, అంతే. పిల్లకి తెలీదు. సరిపోయిందని ఒక్క మాట అను."

"ఎవరితో అనమంటావ్? బావతోనా?"

బావ అంటే వాళ్ల అక్క మొగుడు. ఒకప్పుడు ఈ రేంజిలోనే టార్గెట్ కాగితాలు మార్చేవాడు. అప్పట్లో ఇక్కడ తూకం లేదు. తమ్ముడు తన ట్రిగ్గరును ఊదితే పేలేంత తేలిక చేసుకున్నాడు. కింద పెట్టబోతుంటే వేలు తగిలి పేలింది. కాగితాలు పట్టుకుని ముందుకు వెళ్తున్న బావకి కన్ను పోయింది. "పిలవకముందే వెళ్లాను, తప్పు నాదే" అని బావే అందరికీ చెప్పి తమ్ముణ్ణి కాచాడు. ఇక్కడ గుండు వచ్చింది ఆ తర్వాతే.

"ఆ సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడురా?"

కాటా పిల్ల పేరు కొట్టేశాడు.

"నేనేం చేశాను పెదనాన్నా?"

"ఏమీ చెయ్యలేదమ్మా."

ఆ పిల్ల మళ్లీ పిస్తోలు పట్టలేదు. తమ్ముడు అన్న గడప తొక్కలేదు. అక్క మాత్రం ఫోన్ చేసింది. "మీ బావ కన్ను ఎలాగూ తిరిగి రాదు. ఇంటిపిల్ల నోట్లో మట్టెందుకు కొట్టావురా?" వెనక బావ దగ్గు వినిపించింది. బావ ఫోను అందుకోలేదు.

కాటా ఇప్పటికీ బల్ల తుడుస్తున్నాడు, తిట్లు తింటున్నాడు. ఆయన్ని ఏమన్నా అనుకోండి. మీరెప్పుడైనా ఆ గుండు గాల్లోకి లేవడం చూస్తే మాత్రం, తప్పు తన నెత్తిన వేసుకుని ఊరుకున్న ఆ ఒంటికంటి బావని ఒక్కసారి తలుచుకోండి.