హవల్దార్ గారికి రెండో స్నానం

మా నాన్న కోటేశ్వర్‌ది గురజాలలో చావుల పని. ఫ్రీజర్ బాక్స్, షామియానా, కుర్చీలు, వైకుంఠ రథం అన్నీ మావే. అమ్మ దండలు కడుతుంది. నేను బడి లేని రోజుల్లో జెండాలు ఇస్త్రీ చేస్తాను.

చావుకి జెండాలేంటంటే, మా వైపు మనిషి పోతే నాయకుడొచ్చి శవం మీద పార్టీ జెండా కప్పి ఫొటో దిగుతాడు. నాన్న రెండు పార్టీలవీ ఒకే సంచిలో పెట్టుకెళ్తాడు. ఏ ఇంట్లో ఏది తియ్యాలో ఎవర్నీ అడగడు. శవాల్ని చూస్తే నాకేమీ అనిపించదు గానీ ఆ సంచిని మాత్రం ముట్టుకోబుద్ధి కాదు.

మొన్న ఆదివారం నడికుడి అవతల ఒక ఊళ్ళో హవల్దార్ చిన్నకోటయ్య గారు పోయారు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసొచ్చిన మనిషి. పిల్లలు లేరు. పొద్దున మేం బాక్స్ దించుతుంటే ఆయన భార్య రోశమ్మ నన్ను పక్కకి లాగింది.

"అమ్మాయ్, మీ నాన్నకి చెప్పు. ఆయన మీద ఏ పార్టీ గుడ్డా పడకూడదు. బతికినన్నాళ్ళూ రెంటినీ గడప తొక్కనీలేదు."

నాన్నకి చెప్పాను. "సరేలే, చూద్దాం" అన్నాడు. నాన్న సరేలే అంటే వినలేదని అర్థం.

మూడింటికి హవల్దార్ గారి తమ్ముడి కొడుకులు స్నానం చేయించి, యూనిఫాం తొడిగి, పతకాలు పెట్టి, వాకిట్లో పాడె మీద పడుకోబెట్టారు. ఆయనతో సైన్యంలో చేసిన ఇద్దరు ముసలాళ్ళు దండ వేసి సెల్యూట్ కొట్టారు. ఎత్తబోతుంటే సుధీర్ బాబు బైక్ మీద వచ్చాడు. మండల నాయకుడు నరసింహారావు వెనకాల తిరిగే మనిషి.

"ఆగండాగండి. అన్న దారిలో ఉన్నాడు."

గంటంబావు ఆగాం. ఎండ పాడె మీదికొచ్చింది. ఈగలు ఆయన ముక్కు మీద వాలుతుంటే అమ్మా నేనూ విసురుతూ కూర్చున్నాం. సుధీర్ బాబు గోడ వారన గుట్కా ఉమ్మి, "ఈ దండ కాస్త కిందికి జరపండి, జెండాకి అడ్డమొస్తుంది" అన్నాడు. ముసలాళ్ళిద్దరూ ఎండలో అలాగే నిలబడ్డారు.

నాయకుడు కారు దిగి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఈయన పేరేందిరా?" అన్నాడు. సుధీర్ బాబు చెవిలో చెప్పాడు.

"సరితా, సంచి తే!" అన్నాడు నాన్న.

నేను అప్పుడే మంచినీళ్ళ కోసం రథంలోకి ఎక్కాను. సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. రోశమ్మ నా వైపే చూస్తోంది. బళ్ళో హాజరు పలకడానికే భయం నాకు.

"తేలేదు నాన్నా."

"ఏందే? పొద్దున నేనే పెట్టా గదా!"

"లేదు" అని సంచిని కాలితో సీటు కిందికి తోశాను.

"పెళ్ళికి తాళి మరిచినట్టుందయ్యా కోటేశ్వర్ నీ యాపారం" అన్నాడు నాయకుడు. వెంట వచ్చినవాళ్ళంతా నవ్వారు. చావింట్లో, శవం ముందు నిలబడి నవ్వారు.

సుధీర్ బాబు పోయి కారు ముందున్న జెండా పీక్కొచ్చాడు. దుమ్ము, దాని మీద పిట్ట రెట్ట. దాన్నే హవల్దార్ గారి పతకాల మీద పరిచాడు.

"అన్నా, మొహం కొంచెం బాధగా పెట్టు. ఆఁ, ఇంకోటి."

మూడు ఫొటోలు. కారు వెళ్ళిపోయింది. సుధీర్ బాబు మాత్రం ఉండిపోయాడు. "కాటి దాకా జెండా తియ్యొద్దు" అన్నాడు. నాన్న తలూపాడు. నాకు నాన్నని చూడబుద్ధి కాలేదు.

అంతసేపూ కూర్చునే ఉన్న రోశమ్మ లేచింది.

"దించండి. మళ్ళీ నీళ్ళు పొయ్యాల."

"ఒకసారి అయింది గదా పెద్దమ్మా" అన్నాడు మరిది కొడుకు.

"మైల పడింది. కడిగి పంపుతా."

"జెండా మైలేందవ్వా!" అన్నాడు సుధీర్ బాబు.

"నోట్లో గుట్కా పెట్టుకుని నా మొగుడ్ని ముట్టుకున్నావు. జరుగు అవతలికి."

ఆఖరి స్నానం వద్దనడం మా వైపు లేదు. తమ్ముడి కొడుకులు పాడె మీంచి దించబోయారు. నాన్న మాత్రం "పొద్దు గుంకుతుందమ్మా" అని గొణిగాడు.

"నీకంత తొందరైతే నీ బండి తీసుకుపో. మావాళ్ళు భుజాల మీద మోసుకుపోతారు."

ముసలాళ్ళలో ఒకాయన కర్ర పక్కన పెట్టి యూనిఫాం గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. జెండా జారి ఇందాకటి స్నానం నీళ్ళ బురదలో పడింది. ఎవరూ తియ్యలేదు. నేను కుళాయి దగ్గరికి పరిగెత్తి బక్కెట్ నింపాను. నాలుగు బక్కెట్లు మోశాను.

సుధీర్ బాబు ఫోన్‌లో చెబుతున్నాడు: "అన్నా, మళ్ళీ స్నానమంట. జెండా తీసేశారు... ఆఁ, ఫొటోలు గ్రూపులో పెట్టేశా... అయితే పోనిమ్మంటావా? సరే అన్నా."

బైక్ ఎక్కి వెళ్ళిపోయాడు. బురదలో జెండా వైపు చూడనైనా చూడలేదు.

తడి ఒంటికి యూనిఫాం ఎక్కలేదు. పతకాలు తుడిచి రోశమ్మ చేతికిచ్చారు. ఆమె లోపల్నుంచి తెల్ల పంచె తెచ్చి కప్పింది. ఎత్తేటప్పటికి పొద్దు ఇంకా జానెడుంది.